పాత సీరియళ్ల టైటిల్ సాంగులు: క్యాసెట్ పాడవకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం ఎలా?

బీరువా అడుగునో అటక మీదో నాలుగు వీడియో క్యాసెట్లు దొరికాయి. లేబుల్ మీద "ఆదివారం, మహాభారత్" అని పెన్నుతో రాసుంది. ఆ టైటిల్ సాంగ్ ఒక్కటీ శుభ్రంగా కావాలి, ఏం చేయాలి? విశాఖ పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది.

యూట్యూబ్‌లో ఉంది కదా అనిపించవచ్చు. అక్కడ దొరికే వాటిలో చాలావరకు డీవీడీల నుంచో, తర్వాత మళ్లీ వేసిన ప్రసారాల నుంచో తీసినవి. మీ క్యాసెట్‌లో ఉన్నది ఆ రోజు మీ టీవీలో వచ్చిన వరస: అనౌన్సర్ మాట, రెండు ప్రకటనలు, ఆ వెంటనే పాట. ఆ వరస ఇంకెవరి దగ్గరా ఉండకపోవచ్చు.

ఈ పనంతటికీ ఒక్కటే నియమం. క్యాసెట్‌కి మొదటి ప్లేయే రికార్డింగ్ ప్లే కావాలి. "ముందు ఒకసారి వేసి ఏముందో చూద్దాం" అనుకున్నప్పుడే చాలా క్యాసెట్లు పోతున్నాయి. ముప్పై ఏళ్లు కదలని రీలు మొదటిసారి హెడ్ (టేపును చదివే భాగం) మీద నుంచి వెళ్లేటప్పుడు ఇచ్చే బొమ్మ రెండోసారి ఇవ్వకపోవచ్చు. అందుకే ఇక్కడ సగం పని ప్లే నొక్కకముందే ఉంటుంది.

1. ముందు లెక్క రాయండి

అన్ని క్యాసెట్లూ ఒక బల్ల మీద పరచండి. ఒక్కోదానికి నంబరు వేసి, లేబుల్ మీద ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు నోటుపుస్తకంలోకి ఎక్కించండి. తప్పులు కూడా దిద్దకండి. లేబుళ్లను ఫోన్‌తో ఫొటో తీయండి, జిగురు ఎండి రాలిపోయేవి చాలా ఉంటాయి.

తర్వాత రికార్డు ట్యాబ్ చూడండి. వీడియో క్యాసెట్‌కి లేబుల్ అంటించే సన్నటి అంచు మీద ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. ఆడియో క్యాసెట్‌కి పై అంచున రెండు మూలలా రెండు ఉంటాయి. అవి ఉంటే విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరిగిపోకుండా కాపాడేది ఇదొక్కటే.

నిడివి రాసుకోండి. ఈ-180 అంటే మామూలు వేగంలో మూడు గంటలు, ఈ-240 అంటే నాలుగు. లాంగ్ ప్లేలో, అంటే సగం వేగంలో, రికార్డు చేసి ఉంటే దానికి రెట్టింపు. అమెరికా బంధువులు పంపిన క్యాసెట్ల మీద టీ-120 అని ఉంటే అవి ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ పద్ధతివి కావచ్చు. మన టీవీ పద్ధతి పాల్, ఆ మెషీన్లలో కొన్నిటిలో అవి సరిగా ఆడవు, విడిగా పెట్టండి.

తేదీ లేకపోతే లోపలి కార్యక్రమమే ఆధారం. దూరదర్శన్‌లో రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31 దాకా వచ్చింది. మహాభారత్ 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 వరకు. ఈటీవీ 1995 ఆగస్టు 27న మొదలైంది కాబట్టి ఆ లోగో ఉన్న క్యాసెట్ అంతకు ముందుది కాదు. జెమినిలో అమృతం 2001లో మొదలైంది. ఉక్కునగరం, నేవీ క్వార్టర్ల ఇళ్ల క్యాసెట్లలో హిందీ, ఒడియా, బెంగాలీ కార్యక్రమాలూ కలిసి ఉంటాయి. అర్థం కాలేదని పక్కన పడేయకండి, వాటి కోసం వెతికేవాళ్లూ ఉన్నారు.

2. చెమ్మ, బూజు పరీక్ష

విశాఖలో అసలు శత్రువు ఇదే. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. సముద్రానికి దగ్గరగా ఉండే లాసన్స్ బే, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ ఇళ్లలో ఉప్పు గాలి కూడా తోడవుతుంది. రీలు మీద అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు ఈ తేమను పీల్చుకుంటుంది, బూజు దాని మీదే పెరుగుతుంది.

వీలైతే ఈ పని డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. వానాకాలంలో, తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరుల్లో క్యాసెట్ డబ్బాలు తెరవకపోవడమే మంచిది.

చూడాల్సిన పద్ధతి ఇది. క్యాసెట్‌ను పగటి వెలుతురులో పట్టుకుని, పైనున్న కిటికీలోంచి రీలు చుట్ట పక్క భాగాన్ని చూడండి. ఆరోగ్యంగా ఉన్న రీలు నల్లగా, గ్రామఫోన్ రికార్డులా నున్నగా మెరుస్తుంది. బూజు పట్టినది తెల్లటి చుక్కలుగానో, సాలెగూడు లాంటి పొరగానో, విభూతి చల్లినట్టుగానో కనిపిస్తుంది. ఫోన్ టార్చి పక్కవాటుగా వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ తర్వాత వాసన. క్యాసెట్ ముందు మూత పక్కనున్న చిన్న మీట నొక్కితే మూత లేస్తుంది. మగ్గిన వాసన వస్తే బూజు, పులిసిన వాసన వస్తే జిగురు చెడిపోతోందని గుర్తు.

మూడోది, చుట్టలు కదులుతున్నాయా లేదా. వీడియో క్యాసెట్ అడుగున మధ్యలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెన్సిల్ మొన దానిలో మెల్లగా నొక్కితే లోపలి బ్రేకు వదులుతుంది. అలా నొక్కి పట్టి రెండో చేతి వేలితో చక్రాన్ని పావు చుట్టు తిప్పండి. తేలిగ్గా తిరిగితే సరే. పొరలు అంటుకున్నట్టు పట్టి పట్టి వదులుతుంటే ఆపేయండి. ఆ క్యాసెట్ ఇంట్లో ఆడించేది కాదు.

మూడు గుట్టలుగా వేయండి:

- మంచివి: నల్లగా మెరుస్తూ, వాసన లేకుండా, తేలిగ్గా తిరిగేవి
- అనుమానం: కొద్దిగా మసక, కొద్దిగా వాసన
- ఆపాల్సినవి: తెల్ల బూజు, అంటుకున్న పొరలు, ఎప్పుడైనా నీళ్లలో తడిసినవి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలు పగిలి వాన ఇళ్లలోకి కొట్టింది. అప్పుడు తడిసి, ఆరి, మళ్లీ డబ్బాలోకి వెళ్లిన క్యాసెట్లు పైకి బాగానే కనిపిస్తాయి. పెద్దవాళ్లను అడిగి తెలుసుకుని వాటిని మూడో గుట్టలోనే వేయండి.

3. ఆరబెట్టడం

మొదటి రెండు గుట్టలకూ ఇది తప్పనిసరి. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయర్ వాడకూడదు. అవెన్‌లో పెట్టమని ఇంటర్నెట్‌లో కనిపించే సలహా స్టూడియోల్లో వాడే కొన్ని రకాల టేపుల కోసం చెప్పింది. ఇంటి వీడియో క్యాసెట్‌కి ఆ వేడి తగిలితే ప్లాస్టిక్ వంకర పోతుంది.

కావాల్సినవి: గాలి చొరబడని మూత ఉన్న పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్ (రంగు మారే రకం), దాన్ని పోయడానికి పలచటి గుడ్డ సంచి.

డబ్బాలో క్యాసెట్లను అట్టపెట్టెల్లోంచి తీసి నిలువుగా పెట్టండి. సిలికా జెల్ సంచి పక్కన ఉండాలి, మీద పడకూడదు. మూత పెట్టి వారం రోజులు వదిలేయండి. గింజల రంగు మారితే వాటిని మూకుడులో సన్న సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాక మళ్లీ వాడొచ్చు.

ఏసీ గదిలోంచి తెచ్చిన క్యాసెట్‌ను నేరుగా మెషీన్‌లో పెట్టకండి. చల్లటి రీలు మీద మన ఊరి గాలి తగలగానే మంచు చెమ్మ పడుతుంది, తడి రీలు మెషీన్‌లో హెడ్‌లు తిరిగే డ్రమ్‌కి అతుక్కుపోతుంది. ఆడించే గదిలో కనీసం నాలుగు గంటలు ఉంచాకే పెట్టండి.

4. బూజు పట్టినవాటి సంగతి

బూజు క్యాసెట్‌ను మంచి వీసీఆర్‌లో (వీడియో క్యాసెట్ ఆడించే మెషీన్) ఒక్కసారి పెట్టినా ఆ బూజు పొడి హెడ్‌కీ, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. కాబట్టి మంచివన్నీ పూర్తయ్యాకే వీటిని ముట్టుకోండి.

మొదట రెండు వారాలు విడి డబ్బాలో ఆరబెట్టండి. ఎండిన బూజు పొడిగా రాలుతుంది, తడిగా ఉంటే రుద్దినకొద్దీ పులుముకుంటుంది. తర్వాత గాలి ఆడే వరండాలో, ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని కూర్చోండి. క్యాసెట్ అడుగున ఐదు స్క్రూలు ఉంటాయి. అవి తీసి, క్యాసెట్‌ను తిరగేసి, పై డొప్పను లేపండి. లోపల టేపు వెళ్లే దారిని ముందే ఫొటో తీసుకోండి. మెత్తటి బ్రష్‌తో చుట్ట పక్క భాగాలను మధ్య నుంచి బయటికి తుడవండి. ఆపైన రెండు చుట్టలనూ శుభ్రమైన వేరే డొప్పలోకి మార్చండి. పనికిరాని పాత క్యాసెట్ ఒకటి డొప్ప కోసం బలి ఇవ్వొచ్చు.

ఇంత చేసినా అలాంటి క్యాసెట్‌ను పోయినా ఫర్వాలేదనుకునే రెండో వీసీఆర్‌లోనే ఆడించాలి. ఇంకెక్కడా లేని పాట దానిలో ఉందంటే మాత్రం మీరు విప్పకండి. టేపు పునరుద్ధరణ వృత్తిగా చేసేవాళ్లకే ఇవ్వండి.

5. వీసీఆర్‌ను సిద్ధం చేయడం

పాత మెషీన్ దొరకడం కష్టమే. బంధువుల ఇళ్లలో అడగండి, డాబాగార్డెన్స్, జగదాంబ చుట్టుపక్కల పాత ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌లను అడగండి. కొనేముందు పనికిరాని క్యాసెట్ ఒకటి తీసుకెళ్లి ప్లే, రివైండ్, ఎజెక్ట్ మూడూ రెండేసి సార్లు చేయించి చూడండి. బయటికి వచ్చిన క్యాసెట్ మూత ఎత్తి, రీలు అంచు ముడత పడిందేమో చూడాలి. ముడత పడితే ఆ మెషీన్ వద్దు.

హెడ్ శుభ్రం చేయడంలో చెయ్యి మెత్తగా ఉండాలి. ప్లగ్ తీసి పై మూత విప్పితే, కాస్త వాలుగా కూర్చున్న వెండి రంగు డ్రమ్ కనిపిస్తుంది. ఆడేటప్పుడు అది నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దాని అంచున గోటి మొన కంటే చిన్నగా కనిపించేవే వీడియో హెడ్‌లు. అవి గాజులా పెళుసు.

1. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. మందుల షాపులో దొరికే 70 శాతం దానిలో నీళ్లు ఉంటాయి, శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది. రెండూ పనికిరావు.
2. చమాయిస్ తోలు ముక్కనో, పోగులు రాని మెత్తటి గుడ్డనో తడిపి డ్రమ్ పక్కన ఆనించి కదలకుండా పట్టుకోండి. దూది పుల్లలు డ్రమ్ దగ్గరికి తేవద్దు, ఒక్క పోగు చిక్కినా హెడ్ విరుగుతుంది.
3. రెండో చేత్తో డ్రమ్ పై అంచు పట్టి నాలుగు చుట్లు నెమ్మదిగా తిప్పండి. తిరగాల్సింది డ్రమ్, గుడ్డ కాదు. పైకీ కిందికీ రుద్దితే హెడ్ పోయినట్టే.
4. ఆడియో హెడ్, టేపు గైడ్‌లు, సన్నటి ఇనుప కడ్డీ (క్యాప్‌స్టన్): వీటికి దూది పుల్ల వాడొచ్చు.
5. నల్ల రబ్బరు రోలర్‌కి ఆల్కహాల్ వద్దు, రబ్బరు ఎండి పగులుతుంది. గిన్నెల సబ్బు ఒక్క చుక్క కలిపిన నీళ్లతో తుడిచి, పొడి గుడ్డతో ఒత్తండి.
6. మూత తెరిచే పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. ఆల్కహాల్‌కి నిప్పు అంటుకుంటుంది, దేవుడి గదిలో దీపం వెలుగుతుంటే ఆ పక్కన ఈ పని పెట్టుకోకండి.

ప్రతి ఐదు క్యాసెట్లకోసారి, అనుమానం గుట్టలోవి అయితే ప్రతిదాని తర్వాతా, మళ్లీ తుడవాలి.

6. తీగలు, క్యాప్చర్ పరికరం

వీసీఆర్ వెనక పసుపు సాకెట్ బొమ్మకి, తెలుపు, ఎరుపు ధ్వనికి. పాత మెషీన్లకు ధ్వని సాకెట్ ఒక్కటే ఉంటుంది, ఫర్వాలేదు. యాంటెనా తీగ ద్వారా మాత్రం తీసుకోకండి, బొమ్మ నాణ్యత బాగా పడిపోతుంది.

ఈ తీగలు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంలోకి (బొమ్మను, ధ్వనిని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చేది) వెళతాయి. చౌక రకాలు బొమ్మ కాస్త ఊగినా ఫ్రేములు వదిలేస్తాయి. దీనికి మంచి మందు ఉంది. ఇంట్లో పాత డీవీడీ రికార్డర్ ఉంటే వీసీఆర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యలో పెట్టండి. డిస్క్‌లోకి రికార్డు చేయక్కర్లేదు, బొమ్మ దాని గుండా వెళితే చాలు. చాలా డీవీడీ రికార్డర్లు ఊగే సిగ్నల్‌ను సరిచేసి పంపుతాయి.

ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి. చార్జర్ పెడితే పాట కింద "గుయ్య్" అని 50 హెర్ట్జ్ హమ్ కలవొచ్చు. మూడు గంటల క్యాసెట్‌కి బ్యాటరీ చాలకపోతే వీసీఆర్‌నీ చార్జర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, హమ్ చాలావరకు తగ్గుతుంది. కరెంటు పోయే వీధి అయితే వీసీఆర్‌కి చిన్న యూపీఎస్ అవసరం. ఆడుతుండగా కరెంటు పోతే రీలు డ్రమ్‌కి చుట్టుకుని లోపలే ఉండిపోతుంది.

7. సెట్టింగులు

మామూలు అవసరానికి ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ చాలు. కాన్వాస్ 768×576, వేగం 50 ఫ్రేములు, డీఇంటర్లేస్ "యాడిఫ్ 2ఎక్స్", బిట్‌రేటు 15,000 కేబీపీఎస్, ధ్వని 48 కిలోహెర్ట్జ్. గంటకు సుమారు 7 జీబీ పడుతుంది. 25 ఫ్రేములకు తగ్గించకండి. మన టీవీ బొమ్మ సెకనుకు 50 సగాలుగా వచ్చేది, 25 చేస్తే టైటిల్స్‌లో కదిలే అక్షరాలు కుదుపుగా కనిపిస్తాయి.

దాచుకోవడానికి మూలప్రతి కావాలంటే వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 720×576, 25 ఫ్రేములు, ఇంటర్లేస్ (ఆ 50 సగాలు) అలాగే ఉంచి, హఫ్‌వైయూవీ కోడెక్ (నాణ్యత పోకుండా కుదించే పద్ధతి). గంటకు 30 జీబీ పైనే పడుతుంది. పని ఎక్కువే, అయినా ఒక్క కుటుంబ క్యాసెట్‌కైనా ఇలా చేయడమే సరైనది.

రికార్డింగ్‌కి ముందు ఇవన్నీ సరిచూసుకోండి:

- డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉందా (ఫ్యాట్-32 అయితే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది)
- పెన్‌డ్రైవ్‌లోకి కాకుండా లోపలి డిస్క్‌లోకే వెళుతోందా
- స్లీప్, ఆటో అప్‌డేట్, వైఫై ఆపారా
- వీసీఆర్ మెనూలో నీలి తెర ఆపారా (బొమ్మ బలహీనంగా ఉన్నచోట అది పాటనే మింగేస్తుంది)
- ఒక పనికిరాని క్యాసెట్‌తో రెండు నిమిషాలు పరీక్షించారా

8. మొదటి ప్లే

క్యాసెట్ ఎక్కడ ఆగి ఉందో అక్కడి నుంచి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్, ఆ తర్వాత మొదటికి రివైండ్. దీంతో ఏళ్ల తరబడి వదులైన చుట్టు సమంగా బిగుస్తుంది. మధ్యలో శబ్దం మారితే వెంటనే ఆపండి.

ఇప్పుడు ముందు కంప్యూటర్‌లో రికార్డు మొదలుపెట్టి, ఐదు సెకన్లు ఆగి, ప్లే నొక్కండి. క్యాసెట్ మొత్తం ఎక్కించండి. పాట ఎక్కడుందో వెతుకుతూ ముందుకీ వెనక్కీ తిప్పకండి, వెతకడం ఫైల్‌లో చేయొచ్చు.

మొదటి నిమిషంలోనే ట్రాకింగ్ (బొమ్మ మీద గీతలు పోయేలా చేసే బటన్) సరిచేయండి, తర్వాత ముట్టుకోవద్దు. కానీ ఒకే క్యాసెట్‌లో రెండు ఇళ్ల మెషీన్లు రికార్డు చేసి ఉంటే మధ్యలో గీతలు మొదలవుతాయి. అక్కడ మాత్రం మళ్లీ సరిచేయాలి. అందుకే గదిలో మనిషి ఉండాలి, వదిలేసి వెళ్లే పని కాదు.

పూర్తయ్యాక వదిలేసిన ఫ్రేముల లెక్క చూడండి. గంటకు 25 చొప్పున 90,000 ఫ్రేములు, ఓబీఎస్‌లో 50 పెట్టి ఉంటే 1,80,000 రావాలి. అయిదారు పోతే పర్వాలేదు. వందల్లో పోతే ధ్వని, బొమ్మ విడిపోతాయి. కారణం పట్టుకోకుండా రెండో క్యాసెట్ పెట్టకండి.

9. ఆడియో క్యాసెట్లు

వీసీఆర్ లేని ఇళ్లలో టేప్ రికార్డర్‌ను టీవీ ముందు పెట్టి పాట ఎక్కించుకునేవారు. ఆ క్యాసెట్లలో టైటిల్ సాంగ్‌తో పాటు కుక్కర్ విజిల్, "తలుపేయండర్రా" అనే కేక కూడా ఉంటాయి. మూలప్రతిలో వాటిని ముట్టుకోవద్దు. ఆ గొంతు మనిషి ఇప్పుడు లేకపోతే, ఇంట్లోవాళ్లకి పాట కంటే ఆ కేకే విలువైంది.

డెక్ లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ సౌండ్ కార్డులోకి తీసుకోండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చితే ధ్వని చిట్లుతుంది. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గంటకు సుమారు 1 జీబీ. పెద్ద శబ్దం వచ్చినప్పుడు కూడా ముల్లు మైనస్ 6 డీబీ దాటకూడదు. డాల్బీ (బుస తగ్గించే) బటన్ ఆపే ఉంచండి, డాల్బీతో రికార్డు చేశారని తెలిస్తేనే పెట్టండి.

పాట దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తే తప్పు చాలాసార్లు రీలుది కాదు, హెడ్ వాలుది. రికార్డు చేసిన మెషీన్ హెడ్ ఒక కోణంలో, మీది ఇంకో కోణంలో ఉంటుంది. హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న చిన్న స్క్రూ కనిపిస్తుంది. ముందు దాని మీద గోళ్ల రంగుతో ఒక గీత పెట్టండి, తిరిగి పాత చోటుకి రావడానికి. పాట ఆడుతుండగా హెడ్‌ఫోన్ పెట్టుకుని, ధ్వనిని మోనోకి మార్చి, స్క్రూను కొద్ది కొద్దిగా తిప్పండి. అటూ ఇటూ పావు చుట్టు దాటొద్దు. ఒక చోట తాళాల గలగల, "స" అక్షరం ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అదే సరైన చోటు. క్యాసెట్ మారినప్పుడల్లా మళ్లీ చూడాలి. "ముందు రికార్డు చేసి తర్వాత ట్రెబుల్ పెంచుదాం" అంటే కుదరదు, అప్పుడు పెరిగేది బుస్సుమనే శబ్దమే.

10. మంచి ప్రతిని ఎంచి అతకడం

టైటిల్ సాంగ్‌కి ఉన్న గొప్ప సౌలభ్యం ఏంటంటే అది వారం వారం వస్తుంది. ఋతురాగాలు లాంటి డైలీ సీరియల్ అయితే రోజూ వస్తుంది. ఒక మూడు గంటల క్యాసెట్‌లో అదే పాట నాలుగైదుసార్లు ఉండొచ్చు. కాబట్టి ఒక్క ప్రతితో సరిపెట్టుకోకండి.

అన్ని ప్రతులనూ విడివిడి ఫైళ్లుగా కోయండి, పాటకు ముందు రెండు నిమిషాలు, తర్వాత ఒక నిమిషం కలిపి. ప్రతిదానికీ నాలుగు విషయాలు రాయండి: మొదలు పూర్తిగా ఉందా, చివర ఉందా, బొమ్మ ఎలా ఉంది, ధ్వని ఎలా ఉంది. ఒకటి రెండు వారాలు మొదటి సెకన్లు తెగిపోయి ఉంటాయి. పాట వినపడగానే పరుగెత్తి రికార్డు నొక్కేవారు, మెషీన్ అందుకునేసరికి మొదటి చరణం సగం అయిపోయేది. ఆ ముక్క ఇంకో వారం ప్రతిలో దొరుకుతుంది.

అతికేముందు రెండూ ఒకే పాటేనా అని చూసుకోండి. కొన్ని సీరియళ్లు కొన్నాళ్లకి పాటను కుదించాయి, కొన్ని టైటిల్స్ బొమ్మలు మార్చాయి. పొట్టి పాటకీ పొడుగు పాటకీ ముక్కలు కలిపితే ఎప్పుడూ ప్రసారం కాని పాట తయారవుతుంది.

వేగం గురించి ఒక మాట. వీసీఆర్ తన వేగాన్ని రీలు మీదున్న గుర్తులను బట్టి తనే సరిచేసుకుంటుంది, అందుకని వీడియో క్యాసెట్‌లో శ్రుతి నిలకడగా ఉంటుంది. ఆడియో క్యాసెట్‌కి ఆ కట్టడి లేదు, బెల్టు వదులైతే పాట శ్రుతి దిగిపోతుంది. రెండూ ఉంటే వీడియోనే కొలబద్ద. ఉదాహరణకి వీడియోలో పాట 62.0 సెకన్లు, ఆడియోలో 63.3 సెకన్లు వచ్చిందనుకోండి. 63.3ని 62తో భాగిస్తే 1.021. ఆడాసిటీలో "చేంజ్ స్పీడ్"లో (కొత్త వెర్షన్లలో "చేంజ్ స్పీడ్ అండ్ పిచ్") 1.021 పెట్టాలి. "చేంజ్ టెంపో" కాదు, అది శ్రుతిని సరిచేయదు.

అతుకు ఎప్పుడూ పాడుతున్న అక్షరం మధ్యలో వేయకండి. చరణాల మధ్య తాళం దెబ్బ పడే ముందు క్షణం వెతకండి. రెండు ముక్కలనూ 10 నుంచి 20 మిల్లీసెకన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కలపండి. అంతకన్నా ఎక్కువైతే గొంతు రెండుగా వినిపిస్తుంది.

ముందున్న రెండు నిమిషాలను చివరిదాకా ఉంచండి. ప్రకటనలు, అనౌన్సర్ మాట, దూరదర్శన్ చక్రం: ఆ క్యాసెట్ ఏ సంవత్సరానిదో పట్టిచ్చేది అవే. పంచుకునే ప్రతిలో కోయండి, మూలప్రతిలో వద్దు.

11. ధ్వని శుభ్రం చేయడం

కాపీ మీదే చేయాలి. వరస: ముందు హమ్, తర్వాత బుస, చివర స్థాయి.

హమ్‌కి నాచ్ ఫిల్టర్ (ఒక్క హెర్ట్జ్ దగ్గరి ధ్వనినే తీసేసేది) 50 హెర్ట్జ్ దగ్గర, తర్వాత 100, 150 దగ్గర. మైకుతో ఎక్కించిన కొన్ని మంచి టేపుల్లో పాత టీవీ సన్నటి ఈల కూడా ఉంటుంది. అది 15,625 హెర్ట్జ్, అక్కడ ఇంకో నాచ్ వేస్తే పోతుంది.

బుసకి నాయిస్ రిడక్షన్. పాట మొదలవకముందు బుస మాత్రమే ఉన్న ఒక సెకను ఎంచి ప్రొఫైల్ తీసుకోండి. 6 నుంచి 9 డీబీ, సెన్సిటివిటీ 6, స్మూతింగ్ 3. 12 దాటితే వేణువు, వీణ నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. కాస్త బుస ఉన్న పాటే నయం.

బొమ్మ అడుగున ఊగే ఏడెనిమిది గీతలు ప్రతి వీడియో క్యాసెట్‌లోనూ ఉంటాయి, అది లోపం కాదు. టీవీ వాటిని అంచు కింద దాచేసేది. నల్ల పట్టీతో కప్పండి, కోసి సాగదీయకండి. 4:3 బొమ్మను వెడల్పు తెరకు సాగదీసి మొహాలను పాడుచేయడం కూడా మానాలి.

12. తరచూ వచ్చే తిప్పలు

- తెర పైభాగం వంగి ఊగుతోంది: రీలు సాగింది. డీవీడీ రికార్డర్ మధ్యలో పెట్టండి.
- ఒక్కసారిగా తెరంతా మంచు: హెడ్ మూసుకుపోయింది. వెంటనే ఆపి తుడవండి. మళ్లీ మళ్లీ వస్తే రీలు పొడి రాలుస్తోంది, ఇంకో వారం ఆరబెట్టండి.
- బొమ్మ ఉంది, ధ్వని మందంగా ఉంది: ఆడియో హెడ్ మురికి. లాంగ్ ప్లే అయితే అంతకన్నా రాదు.
- మెషీన్ రీలు నమిలింది: ఎజెక్ట్ పదేపదే నొక్కకండి. ప్లగ్ తీసి, మూత విప్పి, రీలును చేత్తో విడిపించండి. లాగకూడదు.
- రీలు తెగింది: రెండు కొసలూ ఏటవాలుగా ఒకేలా కోసి, స్ప్లైసింగ్ టేపుతో లోపలి వైపు (డ్రమ్‌కి తగలని వైపు) అతకండి. మామూలు సెలోటేపు జిగురు కారి హెడ్‌ను చంపుతుంది. అతికిన చోటు దాటేలా చుట్టి, అక్కడి నుంచి ఆడించండి.
- ఆడియో క్యాసెట్ గట్టిగా తిరుగుతోంది: పెన్సిల్‌తో ఒకసారి అటు, ఒకసారి ఇటు మొత్తం చుట్టండి. అప్పటికీ కదలకపోతే చుట్టలను కొత్త స్క్రూ డొప్పలోకి మార్చండి.

13. పేర్లు, దాచడం, పంచడం

ఫైల్ పేరు ఒకే పద్ధతిలో ఉండాలి: సంవత్సరం, నెల, సీరియల్, చానల్, క్యాసెట్ నంబరు, ఎన్నో ప్రతి. "1989-03_మహాభారత్_డీడీ_క్యా07_ప్రతి2" లాగా. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తెలుగు పేర్లు తీసుకోవు, రికార్డు చేసేటప్పుడు అంకెలతో పెట్టి తర్వాత మార్చండి.

మూడు కాపీలు: కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఊరి బయట ఒకటి. మూడోది విజయనగరంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. తుపాను ఊరంతటినీ ఒకేసారి తడుపుతుంది, పక్కింట్లో పెట్టిన కాపీ లెక్కలోకి రాదు. ఆరు నెలలకోసారి తెరిచి ఆడించి చూడండి.

సొంతంగా వినడానికి కాపీ చేసుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ హక్కు 60 ఏళ్లు ఉంటుంది, ఈ పాటలన్నీ ఆ గడువులోనే ఉన్నాయి. పెట్టేముందు హక్కుదారు ఎవరో చూసుకోండి.

పని అయ్యాక క్యాసెట్లు పారేయకండి. రేపు ఇంతకన్నా మంచి పరికరం వస్తే మళ్లీ తీయాల్సింది వాటి నుంచే. మొదటికి రివైండ్ చేసి, పుస్తకాల్లా నిలువుగా పేర్చి, సిలికా జెల్ సంచితో మూత డబ్బాలో పెట్టండి. స్పీకర్ల పక్కన, బయటి గోడకు ఆనుకున్న అలమరలో వద్దు. జూన్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి గింజల రంగు చూసి వేయించి మార్చండి.